గంట మోగినంతసేపు

పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక, చర్చి అరుగు మీద కూర్చుని, ఈమధ్యే సంఘపెద్ద అయినాయన ఒకడు తేలిగ్గా అనేశాడు: "కుర్రాళ్ళన్నాక కొట్టుకోరా ఏంటండి! నెత్తురు వేడి మీద ఉన్నన్నాళ్ళూ కొట్టుకుంటారు. పెళ్ళయితే వాళ్ళే చల్లారతారు."

అంతకు వారం ముందు సంతలో రెండు పేటల కుర్రాళ్ళు కుమ్ముకుని, మధ్యలో చిక్కిన కుమ్మరివాడి బండెడు కుండలూ పెంకులు చేశారు. దాని మీద వచ్చిన మాట అది. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. వెనకటి రోజుల్లో అయితే ఆ మాట వచ్చిన గొంతులోకే తిరిగి వెళ్ళేదాకా నేను వదిలేదాన్ని కాను. ఊళ్ళో నాకు ఆ పేరు ఎలానూ ఉంది. "మద్రాసులో కాలేజీ చదివొచ్చిన నోరు" అంటారు, చదువంతా నోట్లోకే దిగినట్టు. ఆ రోజు మాత్రం గొడుగు తీసుకుని ఇంటికి వచ్చేశాను. కోపం రాక కాదు. పదిహేనేళ్ళుగా అదే మాట వింటున్నాను, అదే జవాబు చెబుతున్నాను. జవాబు అరిగిపోయింది. మాట మాత్రం నిన్న పుట్టినట్టే ఉంది.

పైగా ఆ మాట అనడానికి ఊళ్ళో అందరికంటే తక్కువ హక్కున్నవాడు అతనే.

మా ఊరు రామచంద్రపురానికి అరామడ దూరంలో, లాకుల పక్కన ఉంది. కాలువ ఊరిని రెండు చేసింది. ఇవతలి గట్టున చర్చి, మా ఆడపిల్లల బడి, సంత, ధాన్యం కొట్లు. అవతలి గట్టున చేపలు పట్టేవాళ్ళ పేట, సాలెవాళ్ళ వీధి, కొద్దిమంది రైతులు. మధ్యలో వంతెన. రెండు బళ్ళు ఎదురైతే ఒకటి వెనక్కి తగ్గాలి. అంత ఇరుకు.

నేను చెప్పే నాటికి, అంటే పదిహేనేళ్ళ కిందట, నేను పంతులమ్మగా ఉన్న ఆ బడిలో నలభై ఒక్కమంది పిల్లలు. అందులో పదహారుగురు అవతలి గట్టు నుంచి వచ్చేవాళ్ళు. వచ్చేవాళ్ళంటే తమంతట తాము కాదు. ఆడపిల్లను ఒంటరిగా వీధిలోకి పంపే రోజులు కావవి. ఇంటింటికీ వెళ్ళి పిల్లల్ని పోగుచేసి తీసుకురావడానికి, సాయంత్రం ఎవరింట్లో వాళ్ళను దిగబెట్టడానికి ప్రతి ఆడపిల్లల బడీ ఒక ముసలమ్మను పెట్టుకునేది. మా ముసలమ్మది చేపల పేట. వయసులో ఉండగా నెత్తిన తట్ట పెట్టుకుని ఊరూరా కేకేసిన మనిషి. తట్ట దించినా గొంతు దిగలేదు. పొద్దున్నే ఒక్కో గుమ్మం ముందూ నిలబడి "పిల్లోయ్, బడి లేచింది!" అని అరిచేది. బడి ఎక్కడికి లేచేదో నాకు తెలియదు గానీ పిల్లలు మాత్రం లేచేవాళ్ళు. నోట్లో చద్దన్నం ముద్దతో, సగం దువ్విన తలతో పరిగెత్తుకొచ్చేవాళ్ళు. మొదటి పిల్ల ముసలమ్మ కొంగు పట్టుకునేది. రెండోది మొదటిదాని జడ పట్టుకునేది. అలా పదహారుగురూ బారుగా వంతెన ఎక్కేవాళ్ళు.

కొంగు పట్టుకునే ఆ మొదటి పిల్ల ముసలమ్మ మనవరాలు. తండ్రి లేడు. పన్నెండో ఏడు, నాలుగో తరగతి. నా తప్పులు నాకే చూపించిన పిల్ల నా ఉద్యోగం మొత్తంలో అదొక్కతే. "అమ్మగారండీ, నిన్న గోదావరికి ఏడు పాయలన్నారు. ఈరోజు నల్లబల్ల మీద ఆరే రాశారండి. ఒకటి ఎండిపోయిందాండీ?" అని అడిగి నిలబెట్టేసేది. ఆ ఏడు ఇన్స్పెక్టరుగారి ముందు పరీక్ష ప్యాసయితే రాజమండ్రిలో బోర్డింగులో ఉండి పంతులమ్మ చదువు చదవచ్చు. మా బడి నడిపే మిషను దొరసానిగారితో మాట్లాడి చోటు కూడా ఉంచాను. ఇంట్లో మేనమామకు ఇద్దామని ఎప్పుడో అనుకున్నారు. నా పోరు పడలేక ముసలమ్మ ఆ పెళ్ళి ఒక్క ఏడు ఆపింది.

"పరీచ్చ అయ్యేదాకానేనమ్మా. పేసైతే నువ్వు తీసుకుపో. తప్పితే మావోడు తీసుకుపోతాడు. మళ్ళీ నా ప్రాణం తియ్యకు" అంది.

ఆ పిల్ల పక్కనే నిలబడి విన్నది. ఆ రోజు నుంచి పలక దించలేదు.

ఇక కొట్లాట సంగతి. రెండు గట్ల మీదా కర్రసాము నేర్పే తాలింఖానాలు ఉండేవి. దసరాకి కుర్రాళ్ళు పులివేషాలు కట్టి ఆడేవాళ్ళు. నేను దాన్ని తప్పుపట్టను. పొలం పని లేని రోజుల్లో కుర్రవాడి చేతులు ఊరికే ఉండవు. తప్పంతా అరుగుల మీద ఉంది. ఇవతలి గట్టు పెద్దలు తమ పులికి పట్టు తలపాగా కట్టించారు. అవతలివాళ్ళు తమ పులికి వెండి కడియం తొడిగారు. ఒక దసరాకి ఎవరి పులి ముందు వంతెన ఎక్కాలన్న మాట వచ్చింది. మనవల్ని ఎత్తుకున్న మగవాళ్ళు "మన పులి వెనక్కి తగ్గిందంటే మీసాలు తీయించుకోవాల్రా" అని కుర్రాళ్ళ చెవుల్లో ఊదారు. తోపులాటలో ఒక పులి కాలువలో పడింది. రంగు కరిగి దాని చుట్టూ నీళ్ళు పచ్చగా అయ్యాయి. ఊరంతా నవ్వింది. నిజం చెప్పొద్దూ, నేనూ నవ్వాను. మర్నాడు ఒకడి తల పగిలింది.

అక్కడి నుంచి అది పులుల గొడవ కాకుండా పోయింది. యానాం నుంచి పడవల్లో చాటుగా వచ్చే చవక సారా దానికి తోడయింది. గట్టు కోసుకుపోకుండా పేర్చిన రాళ్ళు ఊడబీకి విసురుకునేవాళ్ళు. అరటిగెలల పడవ ఆగితే సగం గెలలు మాయం. పడవవాడు నోరెత్తితే లాగుడుతాడు కోసేవాళ్ళు. మంగలి వంతెన దాటడం మానేశాడు. అవతలి గట్టు మగవాళ్ళు నెలల తరబడి గడ్డాలతో తిరిగారు. అది నవ్వొచ్చే సంగతి. నవ్వు రానిది ఇంకొకటుంది. సాలెవాళ్ళ కోడలికి నొప్పులు వచ్చాయి. మంత్రసానిది ఇవతలి గట్టు. రాళ్ళు ఆగేదాకా వంతెన మొగలో నిలబడింది. ఆమె వెళ్ళేసరికి బిడ్డ దక్కలేదు. కొట్లాటలో ఎవరెవరికి దెబ్బలు తగిలాయో అరుగుల మీద వేళ్ళు మడిచి చెప్పుకునేవాళ్ళు. ఆ బిడ్డకు ఎవరూ వేలు మడవలేదు.

అప్పటికీ నా పదహారుగురు పిల్లలూ వస్తూనే ఉన్నారు. ఎలాగంటే, ముసలమ్మ వంతెన మొగలో నిలబడి "ఆగండ్రా, మీ కర్రలు కాలా! పిల్లలొత్తన్నారు, కళ్ళు కనపట్టంలేదా?" అని అరిచేది. రెండువైపులా కర్రలు వీపు వెనక దాచుకునేవాళ్ళు. వాళ్ళలో సగం మందికి చిన్నప్పుడు ఆవిడ చేపముల్లు తీసి తినిపించింది. కానీ ఒకరోజు ఒక రాయి బారుకు రెండు బారల ముందు పడింది. రెండిళ్ళవాళ్ళు పిల్లల్ని మానిపించారు.

నాకు భయం పట్టుకుంది. పరీక్షకు ఇంకా నాలుగు నెలలుంది. చదువుకున్నదాన్ని కదా, ఉపాయం తట్టింది. బడిలో దొరసానిగారు పంపిన చేతిగంట ఉంది, కర్రపిడిది, మంచి మోత. ముసలమ్మ అది మోగిస్తూ వస్తుంది. గంట మోగినంతసేపూ రెండు గట్లవాళ్ళూ చేతులు దించాలి. గంట ఆగాక వాళ్ళ ఖర్మ.

ఇవతలి గట్టు జట్టుకు నాయకుడు అప్పటి సంఘపెద్దగారి అబ్బాయి. ఇరవై ఏళ్ళవాడు. ఆదివారం పాటల్లో అందరికంటే బాగా వినిపించే గొంతు వాడిది. పులివేషం కడితే చర్చి ఒప్పుకోదని వేషం కట్టేవాడు కాదు. కర్ర తిప్పకూడదని బైబిల్లో ఎక్కడా లేదనేవాడు. బడికి పిలిపించాను.

"ఏరా, ఆదివారం దేవుణ్ణి పాడే నోటితోనే సోమవారం ఆ బూతులేంటి?"

"అవి దేవుడికండి, ఇవి వాళ్ళకండి. కలపనండి."

"నీ తెలివి తగలెయ్య. నా పిల్లల మీద రాయి పడిందిరా."

"మా రాయి కాదండి, వాళ్ళదండి."

"రాళ్ళ మీద పేర్లు రాసుకుంటారేంటి మీరు?" అని, గంట సంగతి చెప్పాను. వాడు సరదా పడిపోయాడు. "ఆయ్, మీరు చెప్తే కాదంటామా అండి? గంట మోగినంతసేపూ రాయి ముట్టుకోం. మాటండి" అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

అవతలి గట్టు నాయకుడు ఒక పడవ సరంగు కొడుకు. వాడి దగ్గరకు నేనే వెళ్ళాను. "ఆ పిల్లలు మా చెల్లెళ్ళండి. మా చెల్లెళ్ళని కొట్టొద్దని మీరొచ్చి మాకు చెప్పాలాండి?" అన్నాడు. అయినా ఒప్పుకున్నాడు.

ముసలమ్మ ఒక్కతే మొండికేసింది. గంటను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మెళ్ళో కట్టుకోమంటావా, తోకకి కట్టుకోమంటావా?" అంది.

"వేళాకోళం కాదు. ఇది వినిపిస్తే ఆగుతారు."

"ఇప్పుడూ ఆగుతున్నారు కదమ్మా. నన్ను సూసి సిగ్గుపడి ఆగుతున్నారు. రేపట్నించి దీనికి ఆగుతారు. దీనికేం సిగ్గు?"

"ఆగితే చాలదా? ఎందుకు ఆగితే నీకేం?"

"నువ్వు సదువుకున్నదానివి" అంది, కొంగులో గంట చుట్టుకుంటూ. ఆ మాటలో పొగడ్త ఉందనుకున్నాను.

గంట పనిచేసింది. మానేసిన రెండిళ్ళవాళ్ళూ పిల్లల్ని మళ్ళీ పంపారు. అంతటితో ఆగలేదు. మంగలి తన పొది చంకన పెట్టుకుని పిల్లల బారు వెనక వంతెన దాటాడు. మర్నాడు మంత్రసాని, ఆ తర్వాత కూరగాయలవాళ్ళు, ఒకసారి పెళ్ళిచూపులకు వెళ్ళే పెద్దమనుషులు కూడా. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఊరు ఊరంతా ఏడేళ్ళ ఆడపిల్లల చాటున కాలువ దాటేది. దొరసానిగారికి నాలుగు పేజీల రిపోర్టు రాశాను. అందులో 'శాంతి' అన్న మాట ఎన్నిసార్లు వాడానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

నేను చూడనిది ఒకటుంది. కాదు, చూసి కూడా దాని మీద నుంచి చూపు తిప్పుకున్నది. గంట లేనప్పుడు కొట్లాట ఇదివరకటి కంటే పెరిగింది. పూర్వం ఎప్పుడు ఎవరొస్తారో తెలియక బెదురుతూ కొట్టుకునేవాళ్ళు. ఇప్పుడు వేళలు తెలుసు. పిల్లలు దాటడం కోసం రెండువైపులా రాళ్ళు పోగేసుకుని కూర్చునేవాళ్ళు. చివరి పిల్ల వంతెన దిగగానే మొదలు. చూడ్డానికి జనం కూడా వేళకు వచ్చేవాళ్ళు.

పరీక్ష ఇంకా పన్నెండు రోజులు ఉందనగా, సాయంత్రం బడి వదిలాక ముసలమ్మ ఎప్పటిలాగే గంట మోగిస్తూ బారును వంతెన ఎక్కించింది. వెనక ఎప్పటిలాగే జనం. ఆ జనంలో ఇవతలి గట్టు కుర్రాళ్ళు ఏడెనిమిదిమంది దుప్పట్లు కప్పుకుని నడుస్తున్నారు. దుప్పట్ల కింద కర్రలు. ముందు నడిచేవాడు సంఘపెద్దగారి అబ్బాయి. వంతెన సగం దాటాక అవతలివాళ్ళు ఆనవాలు పట్టారు. మొదటి రాయి వాళ్ళే వేశారు. రెండో రాయి ఎవరిదో చెప్పేవాళ్ళు లేరు.

నేను బడి గుమ్మంలో ఉన్నాను. ఆ చప్పుడులో నాకు వినిపించింది గంట. ముసలమ్మ పిల్లల్ని వంతెన గోడకు అదిమి, తాను అడ్డం నిలబడి, చెయ్యి పైకెత్తి గంట మోగిస్తూనే ఉంది. మోగినంతసేపూ ఆగుతారని నేనే కదా చెప్పాను. ఆ ఎత్తిన చేతికే రాయి తగిలింది. మణికట్టు విరిగింది. గంట కాలువలో పడింది.

పిల్లలకు దెబ్బలు తగల్లేదు. "అదృష్టం" అన్నారు అరుగుల మీద. మర్నాడు అవతలి గట్టు నుంచి ఒక్క పిల్ల రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

సంఘపెద్దగారి ఇంటికి వెళ్ళి, గుమ్మంలోనే నిలబడి వాణ్ణి నిలదీశాను. "మాట ఇచ్చావు కదరా!"

వాడు తల దించుకోలేదు. నిజంగానే నా మాట అర్థం కానట్టు చూశాడు. "మాట తప్పలేదండి. గంట మోగినంతసేపూ మేం రాయి ముట్టుకోలేదు. నడిచామంతే. ముందు రాయి వాళ్ళదేనండి, కావాలంటే ఎవర్నైనా అడగండి."

లోపల నుంచి వాళ్ళ నాన్నగారు, "కుర్రాళ్ళు, తెలియక చేశారమ్మా, పోనిద్దూ" అన్నారు.

వాడు అబద్ధం చెప్పలేదు. నన్ను ఇన్నేళ్ళుగా తినేస్తున్నది అదే. గంట మోగితే కొట్టుకోవద్దని చెప్పినప్పుడు, మోగనప్పుడు కొట్టుకోమని నేనే ఒప్పుకున్నట్టయింది. వంతెన వాళ్ళదని, వాళ్ళ దయ మీద మేం దాటుతున్నామని సంతకం పెట్టినట్టయింది. ముసలమ్మను చూసి ఆగేటప్పుడు వాళ్ళలో ఇంకా ఏదో మిగిలి ఉంది. దాని బదులు నేను ఒక ఇత్తడి ముక్కను పెట్టాను.

చేపల పేటకు వెళ్ళాను. ముసలమ్మ చేతికి వెదురుబద్దలు కట్టి ఉన్నాయి. పిల్లను నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్తానన్నాను. పడవలో దాటిస్తానన్నాను. పరీక్ష అయ్యేదాకా మా ఇంట్లో ఉంచుకుంటానన్నాను. నా నోటికి ఎదురు నిలిచినవాళ్ళు తక్కువ, కానీ ఆవిడ నా మీద అరవను కూడా అరవలేదు.

"ఒంతెనా ఒద్దు, పడవా ఒద్దు. ఆ గట్టుకి పిల్లని పంపను. నువ్వు ఉపాయాలు సెప్పకమ్మా. నీ ఉపాయాలకి నాకింక సేతుల్లేవు."

ఆ పిల్ల మూల నిలబడి పలక గుండెలకు హత్తుకుని ఉంది. నేను బయటికి వచ్చాక వెనకే పరిగెత్తుకొచ్చి, "అమ్మగారండీ, దాటొద్దంది గానీ అరవొద్దనలేదండి" అంది.

అలా పదిరోజులు పాఠం జరిగింది. ఇవతలి రేవు మెట్ల మీద నేను, అవతలి రేవు మెట్ల మీద అది. మధ్యలో కాలువ. నేను గొంతు చించుకుని అడిగేదాన్ని.

"పదమూడు పద్దెనిమిదులు?"

"రెండొందల ముప్పైనాలుగండీ!"

వంతెన గోడ మీద కూర్చున్న ఒకడు, "కాదెహె, ముప్పయ్యొకటి!" అని అరిచేవాడు. మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. "కూడటం కాదురా, హెచ్చవేయటం! నువ్వొచ్చి ఒకటో తరగతిలో కూర్చో!" అని ఈ పిల్ల అరిచేది. బట్టలుతికే ఆడవాళ్ళు నవ్వి నవ్వి ఉతకడం ఆపేవాళ్ళు. మూడోరోజు తర్వాత వాడు కూడా జవాబు ఒప్పు చెప్పడానికి పోటీపడ్డాడు. ఆ కుర్రాళ్ళు రాక్షసులైతే నాకు సులువుగా ఉండేది.

పరీక్ష రోజు ఇన్స్పెక్టరుగారు వచ్చారు. మంచి మనిషి, మర్యాదస్తుడు. సంగతంతా చెప్పి, ఒక్కసారి అవతలి గట్టుకు రమ్మని బతిమాలాను. ఆయన బడి గుమ్మంలోంచి వంతెన వైపు చూశారు. గోడ మీద కుర్రాళ్ళు కాళ్ళు ఊపుకుంటూ ఉన్నారు. "అమ్మా, నాకూ పిల్లలున్నారు" అన్నారు. రేవు దాకా మాత్రం వచ్చారు. ఆ పిల్ల పొద్దుటి నుంచి అక్కడే ఉంది, ఉతికిన పరికిణీ కట్టుకుని, నూనె రాసి జడ వేసుకుని. ఆయన రెండు ప్రశ్నలు నా చేత అడిగించారు. రెండింటికీ నీళ్ళ మీదుగా ఖణీమని జవాబు వచ్చింది.

"బాగా చెప్పింది" అన్నారు ఆయన. బడికి తిరిగి వచ్చి పుస్తకంలో దాని పేరు ఎదురుగా, హాజరు కాలేదు అని రాశారు. పరీక్ష బడిలో, తన ఎదుట జరగాలన్నది నియమం. ఆయన్ను తప్పుపట్టలేను. తప్పుపట్టడానికి చేతికి దొరికేవాడు ఈ కథలో ఎవడూ లేడు, అందరూ సగం సగం మంచివాళ్ళే.

ఆ వేసవిలో పిల్లకు పెళ్ళి చేశారు. రాజమండ్రిలో దాని చోటులోకి ఇంకో ఊరి పిల్ల వెళ్ళింది. ముసలమ్మ చెయ్యి వంకరగానే అతికింది. తర్వాత ఎన్నాళ్ళో బతకలేదు. కొట్లాడిన కుర్రాళ్ళు చల్లారారు, అరుగు మీద చెప్పినట్టే. పెళ్ళిళ్ళు చేసుకున్నారు, పొలాలు చూసుకున్నారు, ఒకడు సంఘపెద్ద కూడా అయ్యాడు. వాళ్ళ స్థానంలో వంతెన గోడ మీదకు కొత్తవాళ్ళు వచ్చారు. అవతలి గట్టు నుంచి బడికి మాత్రం ఆ తర్వాత ఎవరూ రాలేదు. మొదట భయం వల్ల, తర్వాత అలవాటు వల్ల. చదవని తల్లులకు పుట్టిన పిల్లలు చదవరు. అది చల్లారే సంగతి కాదు.

ఆ పిల్ల ఇప్పుడు చేపల తట్టతో మా వీధికి వస్తుంది. కేక అచ్చం వాళ్ళ అమ్మమ్మదే. పోయిన ఆదివారం అరుగు మీద ఆ మాట విని ఇంటికి వచ్చాను కదా, మర్నాడు అది తట్ట దించగానే అడిగాను.

"నీ కూతురికి ఎన్నేళ్ళే?"

"ఎనిమిదండి."

"బడికి పంపవే."

రాత్రీ పగలూ ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు వెంటనే అడిగింది: "ఎవరు తీసుకెళ్తారండి?"

"నేను వస్తాను."

నా కాళ్ళ వైపు చూసింది. నా మోకాళ్ళ సంగతి ఊరందరికీ తెలుసు. "గంట తెస్తారాండి?" అంది. వెటకారమో కాదో తెలియలేదు.

"తేను."

నిన్న పొద్దున్న వెళ్ళాను. వాళ్ళ గుమ్మం ముందు నిలబడి, "పిల్లోయ్, బడి లేచింది!" అని అరిచాను. గొంతు మధ్యలోనే చీలిపోయింది. లోపల నుంచి దాని నవ్వు వినిపించింది. "అలా కాదండీ, కడుపులోంచి రావాలి" అని తానే గుమ్మంలోకి వచ్చి ఒక్క కేక పెట్టింది. వీధి చివర కుక్కలు కూడా లేచాయి. దాని కూతురు కాక పక్కిళ్ళ నుంచి ఇంకో ఇద్దరు వచ్చారు. ముగ్గురు. దాని కూతురు నా కొంగు పట్టుకుంది.

వంతెన మధ్యలో నలుగురు కుర్రాళ్ళు దారికి అడ్డంగా కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. తిట్టడానికి నోటి నిండా మాటలున్నాయి, అయినా అనలేదు. అక్కడే నిలబడి ఒక్కొక్కడి మొహంలోకి చూశాను. చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. ఎండ ఎక్కుతోంది, మోకాలు సలుపుతోంది. ఒకడు కాళ్ళు ముడుచుకున్నాడు. కాసేపటికి ఇంకొకడు. మిగతా ఇద్దరూ ముడుచుకోలేదు. పిల్లలు పరికిణీలు ఎత్తిపట్టుకుని వాళ్ళ కాళ్ళు దాటుకుంటూ నడిచారు.

సాయంత్రం మళ్ళీ అదే దారిన దిగబెట్టి వచ్చాను. ఈ పొద్దున ఇద్దరే వచ్చారు.